నోరు తెరిచిన మేనేజర్లు

కాలేజీ, మెట్ల కింద గది
వానలు మొదలైన వారం

అక్కకి,

ఫోన్‌లో నాతో మాట్లాడటం కన్నా గోడతో మాట్లాడటం నయమని, గోడైతే కనీసం 'ఊ' అని విసిగించదని అన్నావు కదా. అందుకే నువ్వు చెప్పినట్టు ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద నాకు మాటలు బాగానే వస్తాయి. ఎదురుగా మనిషి ఉంటేనే ఎక్కడికో పారిపోతాయి.

నన్ను ఫిజిక్స్ ల్యాబులోంచి తీసేశారు. కంగారు పడకు, ఉద్యోగం పోలేదు. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ని చేశారు. అంటే ఆఖరి ఏడాది పిల్లల కోసం కంపెనీల చుట్టూ తిరిగి, పరిచయాలు పెంచుకుని, వాళ్ళని కాలేజీకి రప్పించి ఉద్యోగాలు ఇప్పించాలి. నాకు ముందున్నాయన మహా చురుకైన మనిషి. పిల్లలకి ఉద్యోగాలు అడుగుదామని ఒక కంపెనీకి వెళ్ళి, అక్కడున్న ఒక్క ఉద్యోగం తనే తీసుకుని వచ్చాడు.

మనుషులతో మాట్లాడటం నా వల్ల కాదని ప్రిన్సిపాల్ గారికి చెబుదామని వెళ్ళాను. ఆయన ఎదురుగా కూర్చున్నాక ఆ సంగతీ చెప్పలేకపోయాను. నా మౌనం చూసి ఆయన, "చూశారా, ఎంత నిబ్బరమో. కంపెనీలవాళ్ళ దగ్గరికి ఇలాంటి మనిషే వెళ్ళాలి" అన్నారు. ఈ ఏడాది కూడా ఒక్క కంపెనీ రాకపోతే ఈ విభాగం మూసేసి, గదిలో విరిగిన కుర్చీలు పడేస్తారట. సగం గదిలో ఆ కుర్చీలు ఇప్పటికే ఉన్నాయి. మిగతా సగంలో నేనున్నాను.

కామర్స్ చదివే అమ్మాయి ఒకతి రోజూ గుమ్మంలో నిలబడి, "సార్, ఎవరైనా వస్తున్నారా?" అని అడుగుతుంది. వాళ్ళ నాన్న మంచాన పడ్డాడట, ఇక ఇంటికి ఆధారం తనేనట. నేను "ఊ" అంటాను. అది అవునో కాదో తేల్చుకోలేక వెళ్ళిపోతుంది.

నిన్న ఒక పెద్ద హోటల్లో కంపెనీల మేనేజర్లందరూ కలిసే విందు ఉందని నన్ను పంపారు. నేను ఒకే ఒక్క వాక్యం కంఠతా పట్టి వెళ్ళాను. హాల్లో అడుగు పెట్టగానే నాకు ధైర్యం వచ్చింది. ఎందుకంటే అందరూ నవ్వుతున్నారు. మేనేజర్లు ఇంత హాయిగా నవ్వుతారని, అందరి పళ్ళూ ఇంత తెల్లగా మెరుస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. వరసపెట్టి కార్డులు ఇస్తూ నా వాక్యం ఒప్పజెప్పాను. "మా దగ్గర మంచి పిల్లలున్నారండీ, ఒకసారి వచ్చి చూడండి."

"తప్పకుండా. ఏ వయసు పిల్లలు?" అన్నాడొకాయన.

"ఆఖరి ఏడాదివాళ్ళండీ."

"అయితే జ్ఞానదంతాలు వచ్చే వయసే. జాగ్రత్తగా చూడాలి" అన్నాడు.

అదేదో పెద్ద కంపెనీల పరిభాష అనుకున్నాను. కాసేపటికి వేదిక మీద దీపాలు ఆర్పి, గోడంత దవడపన్ను బొమ్మ వేశారు. అది పళ్ళ డాక్టర్ల వార్షిక సమావేశం. మేనేజర్ల విందు పక్క హాల్లో. నేను వెళ్ళేసరికి అక్కడ బల్లలు తుడుస్తున్నారు.

కార్డులన్నీ అయిపోయాయి. నీ మరదలు ఈ సంగతి విన్నప్పటి నుంచి నన్ను చూడగానే చిగుళ్ళు కనిపించేలా నవ్వుతోంది.

నువ్వు ఇన్నేళ్ళుగా లిఫ్టుల కంపెనీ హెడ్డాఫీసులో రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుని లోకాన్నంతటినీ పలకరిస్తున్నావు. ఎలా మాట్లాడాలో చెప్పు. మీ కంపెనీ బ్రాంచి మా ఊళ్ళో కూడా ఉంది కదా. ఆ మేనేజరుతో నా గురించి ఒక మాట చెబుతావా?

నీ తమ్ముడు


ఆఫీసు ముందు హాలు, నా బల్ల దగ్గర నుంచి

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి కడుపు పట్టుకుని నవ్వాను. మీ బావకి చదివి వినిపిస్తే, "వాడు నయం, పళ్ళ డాక్టర్ల దగ్గరికే వెళ్ళాడు. పక్కనే మేకల సంత ఉంటే అక్కడా కార్డులు పంచేవాడు" అన్నారు.

నువ్వు చేసిన తప్పు హాలు మారడం కాదు. గుమ్మంలో అడుగు పెడుతూనే నీ అవసరం చెప్పడం. ఎదుటి మనిషికి ఒక ఒళ్ళు ఉంటుంది, ఇల్లు ఉంటుంది, ఏదో ఒక చిరాకు ఉంటుంది. ముందు అది తెలుసుకోవాలి. మా ఆఫీసుకి తీగల చుట్టలు సరఫరా చేసే ఒకాయన వచ్చేవాడు. ముఖం ఎప్పుడూ చిటపటలాడుతూ ఉండేది. ఒకరోజు మెత్తటి కుర్చీ కాకుండా చెక్క కుర్చీ వేసి, "నడుం నొప్పి ఎలా ఉందండీ?" అన్నాను. అప్పటి నుంచి మా సరుకు ఒక్కరోజు ఆలస్యం కాలేదు. ఆయనకి నడుం నొప్పి అని ఎలా తెలిసిందంటావా? కూర్చునేటప్పుడు కుర్చీ చేతుల్ని పట్టుకునే తీరు చూస్తే చాలు. పది మందిని పలకరించకు. ఒక్కరిని సరిగ్గా చూడు.

మా బ్రాంచి మేనేజరు సంగతి మాత్రం అడక్కు. ఇక్కడ సిఫార్సులంటే ఎవరికీ గిట్టదు. పైగా ఇప్పుడు నాకు ఊపిరి సలపడం లేదు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే ఎన్నిసార్లు లేచానో. ఇప్పుడే ఒక పెద్దమనిషి వచ్చి సుత్తి ఎక్కడ పెట్టావని అడిగాడు. రకరకాల మనుషులు వస్తారు.

మీ బావ బస్సు డిపోలో రిటైరయ్యాక వడ్రంగం మొదలుపెట్టారు. స్టూళ్ళు చేస్తున్నారు. అన్నీ మూడు కాళ్ళ మీదే నిలబడుతున్నాయి, నాలుగో కాలు ఉన్నవి కూడా.

ఆ అమ్మాయితో ఈసారి 'ఊ' అనకు. "ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు, తిరుగుతున్నాను" అని నిజం చెప్పు.

మీ అక్క


కాలేజీ, మెట్ల కింద గది
వానలు తగ్గాక

అక్కకి,

నీ తమ్ముడు మాట్లాడుతున్నాడు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నాడు. ఎక్కడో చెబితే నమ్మవు.

ఆ సమావేశంలో నా పక్కన కూర్చుని భోంచేసిన పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ భోజనం పొడుగునా పంటి వేరు ఎలా శుభ్రం చేయాలో చెప్పింది, నేను 'ఊ' కొట్టాను. తన జీవితంలో ఇంత శ్రద్ధగా విన్న మనిషి లేడట. మొగుడు కూడా వినలేదట. నా కార్డు చూసి ఫోన్ చేసింది. క్లినిక్కులో లెక్కలు చూసుకోవడానికి ఎవరైనా కావాలంది. అది రాత్రిపూట పని, నాన్నని చూసుకునే ఆ కామర్స్ అమ్మాయికి కుదరదు. లెక్కల డిగ్రీ చదివే కుర్రాణ్ణి పంపాను, చేరిపోయాడు. అదే మా కాలేజీ ఈ ఏడాది ఇప్పించిన మొదటి ఉద్యోగం.

థాంక్స్ చెబుదామని వెళితే ఆవిడ అంది, "మీకు మేనేజర్లు కావాలన్నారు కదా. ఈ ఊళ్ళో పెద్ద కంపెనీలన్నిటి నోళ్ళూ నా చేతిలోనే ఉన్నాయి. లోపలికి రండి."

లోపల ఆ వాలు కుర్చీలో రంగుల ఫ్యాక్టరీ మేనేజరు పడుకుని ఉన్నాడు. నోటి నిండా దూది, పెదవి పక్కన నీళ్ళు పీల్చే గొట్టం, ముఖం మీద దీపం. డాక్టరమ్మ పరిచయం చేసింది. ఆయన కళ్ళతో నమస్కారం పెట్టాడు. అప్పుడు జరిగింది అక్కా. ఆ మనిషి నన్ను ఏమీ అడగలేడు, మాట మధ్యలో తుంచలేడు, లేచి వెళ్ళిపోలేడు. మా కాలేజీ గురించి, పిల్లల గురించి, మా ల్యాబు గురించి, ఆ కామర్స్ అమ్మాయి గురించి ధారాళంగా చెప్పాను. "ఒకరోజు మా కాలేజీకి వచ్చి పిల్లల్ని చూస్తారా?" అన్నాను. "ఆఆ" అన్నాడు.

మర్నాడు హోటల్ మేనేజరు. ఆవిడకి పన్ను తీస్తున్నారు. ఆవిడా "ఆఆ" అంది. ఆ మర్నాడు మందుల గోదాము పెద్దాయన. ఆయన రెండుసార్లు "ఆఆ" అన్నాడు.

ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయన ఉబ్బి తబ్బిబ్బై, మూడు కంపెనీలు వస్తున్నాయని గేటు మీద బ్యానరు కట్టించారు. ఇప్పుడు కారిడార్లో పిల్లలు నన్ను చూసి పక్కకి తప్పుకుని దారి ఇస్తున్నారు.

మీ బ్రాంచి మేనేజరుకి కూడా పంటి నొప్పి వస్తే బాగుండును.

నీ తమ్ముడు


ఆఫీసు ముందు హాలు

ఒరే మొద్దూ,

నోట్లో దూది కుక్కుకున్న మనిషి "ఆఆ" అంటే దానికి అర్థం 'అమ్మా' అని. పన్ను పీకుతుంటే ఆ మహాతల్లి నీ కాలేజీకి వస్తానందా? నువ్వు కిడ్నీ అడిగినా అదే మాట అని ఉండేది.

ఎదుటివాడు కాదనలేని చోట అడగడం అడగడం కాదు. ఆ డాక్టరమ్మ మంచిదే, నీకు ముఖాలు చూపించింది. ఇక నువ్వు చేయాల్సింది వాళ్ళ ఆఫీసులకి వెళ్ళడం. నోళ్ళు మూసుకున్నాక కలవడం. ముందు పంటి నొప్పి తగ్గిందా అని అడుగు. తరవాత నీకు వచ్చిందే చెయ్యి.

నీకు ఏం వచ్చంటావా? 'ఊ' కొట్టడం. నేను ఇన్నేళ్ళూ దాన్ని జబ్బనుకున్నాను. ఆ డాక్టరమ్మ ఎందుకు ఫోన్ చేసిందో చదివాక అనుమానం వచ్చింది. లోకంలో మాట్లాడేవాళ్ళకి కొదవ లేదురా.

బ్యానరు మాత్రం వెంటనే విప్పించు.

మీ అక్క


కాలేజీ, మెట్ల కింద గది

అక్కకి,

బ్యానరు విప్పించలేదు. ప్రిన్సిపాల్ గారు దాని ముందు నిలబడి ఫోటో దిగి ఊరంతా పంపేశారు. ఆ ఫోటో చూసి రంగుల ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేశాడు. "ఏమండీ, నేను నొప్పికి మూలిగితే మీరు బ్యానరు కట్టేశారా?" అన్నాడు. నేను "ఊ" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజంతా గది తలుపు వేసుకుని విరిగిన కుర్చీల మధ్య కూర్చున్నాను. సాయంత్రం ఆ కామర్స్ అమ్మాయి తలుపు కొట్టింది. నువ్వు చెప్పినట్టు నిజం చెప్పాను. ఎవరూ ఒప్పుకోలేదని, నేనే తప్పుగా అనుకున్నానని, పొరపాటు నాదేనని. తిడుతుందనుకున్నాను. "అయితే రేపు మళ్ళీ వెళతారా సార్?" అంది. వెళతానన్నాను. ఒక పూర్తి మాట చెప్పానక్కా, ఎదురుగా మనిషి ఉండగా.

మర్నాడు రంగుల ఫ్యాక్టరీకి వెళ్ళాను. "క్షమించండి. దవడ ఎలా ఉంది?" అన్నాను. ఆ తరవాత నా దగ్గర మాటలు అయిపోయాయి. ఆయనా ఏమీ అనలేదు. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే. ఇద్దరం అలా ఎంతసేపు కూర్చున్నామో, ఆ నిశ్శబ్దం భరించలేక చివరికి ఆయనే మొదలుపెట్టాడు. దవడతో మొదలుపెట్టి ఫ్యాక్టరీలోకి వచ్చాడు. కొత్తగా చేరిన పిల్లలు నెల తిరక్కుండానే మానేస్తున్నారట. అకౌంట్స్‌లో కూర్చోబెట్టాల్సిన పిల్లల్ని డబ్బాలు లెక్కపెట్టడానికి పంపుతున్నారట, గోదాములో ఉండాల్సినవాళ్ళని ఫోన్ల దగ్గర పెడుతున్నారట. ఎవరికి ఏది వచ్చో అడిగే తీరిక ఎవరికీ లేదట. నేను వింటూ కూర్చున్నాను. చివరికి, "అడగడం మేం చేస్తామండీ. ఎవరికి ఏది వచ్చో చూసి, రాసి, మీకు పంపుతాను. నచ్చితేనే రండి" అన్నాను. ఆయన గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. వస్తానన్నాడు. ఈసారి నోట్లో ఏమీ లేదు, నేను చూసుకున్నాను.

హోటల్ మేనేజరు కూడా ఒప్పుకుంది. మందుల గోదాము పెద్దాయన రానన్నాడు. ఆయన రెండు 'ఆఆ'లూ నిజంగా నొప్పికేనట.

ఇంకో ఆఫీసుకి కూడా వెళ్ళాను. దాని సంగతి విడిగా రాస్తాను.

నీ తమ్ముడు


ఇల్లు

అక్కా,

నీ బల్ల ఎక్కడుంది?

నిన్న మీ బ్రాంచి మేనేజరుని కలిశాను. నువ్వు వద్దన్నావు, అయినా వెళ్ళాను. మాటల్లో మా అక్క మీ హెడ్డాఫీసు రిసెప్షన్‌లో ఉంటుందని చెప్పాను. ఆయన నా వైపు వింతగా చూసి, "అక్కడ రిసెప్షన్ ఎత్తేశారు కదండీ. పోయిన ఏడాదే ముఖాలు గుర్తుపట్టే కంప్యూటర్ తెర పెట్టారు. నేను వెళ్ళినప్పుడల్లా అది నన్ను మంచినీళ్ళ క్యాన్లు తెచ్చినవాణ్ణనుకుని వెనక గుమ్మం చూపిస్తోంది" అన్నాడు. ఆ తరవాత, "అక్కడ ఒకావిడ ఉండేది. నేను ఎప్పుడు వెళ్ళినా మా పాప చదువు గురించి అడిగేది" అన్నాడు.

నేను ఏమీ అనలేకపోయాను. ఆయన నా బిడియం అనుకున్నాడు.

తమ్ముడు


ఇల్లు, వంటింటి గట్టు

తమ్ముడూ,

సరే. బల్ల లేదు. దాన్ని ఏ స్టోరు రూములో పడేశారో నాకు తెలియదు.

ఒక సోమవారం వెళ్ళేసరికి నా బల్ల ఉండాల్సిన చోట నిలువుటద్దంలాంటి తెర ఉంది. "స్వాగతం. మీ ముఖాన్ని గీత లోపల ఉంచండి" అంది నాతో. నేనే రోజూ స్వాగతం చెప్పే చోట నాకే స్వాగతం చెప్పింది. ముఖం గీతలో పెట్టాను. "మీ వివరాలు లభించలేదు" అంది. పైనుంచి ఒక కుర్రవాడు దిగివచ్చి చాలా మర్యాదగా ఒక కవరు, ఒక గోడగడియారం ఇచ్చాడు. గడియారం చూసి ఇక ఏ టైముకి ఎక్కడికి వెళ్ళాలో మాత్రం చెప్పలేదు.

నీకు ఎందుకు చెప్పలేదంటే, మన ఇంట్లో మాటకారిని నేను. అమ్మ ఎవరింటికి వెళ్ళినా నన్నే ముందు పెట్టేది. మాట్లాడటం తప్ప నాకు వేరే విద్య లేదు. ఆ విద్యే ఎవరికీ అక్కర్లేదని తేలిపోయాక నీతో ఏమని చెప్పను? అప్పుడు నువ్వు, ఎలా మాట్లాడాలో నేర్పమని రాశావు. ఆ ఉత్తరం పట్టుకుని ఒక పూట ఏడ్చాను. తరవాత మీ బావ చేసిన బల్ల ఒకటి హాల్లోకి లాక్కుని, దాని వెనక కూర్చుని జవాబు రాశాను. సుత్తి అడిగిన పెద్దమనిషి ఆయనే. ఊపిరి సలపడం లేదన్నది ఆయన స్టూళ్ళతోనే.

కొన్ని చోట్ల ఉద్యోగానికి వెళ్ళాను. ఒకచోట కంప్యూటర్లో ఎంత వేగంగా కొడతావని అడిగారు. ఇంకోచోట నా వయసు చూసి కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, పంపేశారు. కుర్చీ వేసిన తీరు కూడా బాగోలేదు.

నా మీద జాలి చూపించావంటే నీ ఉత్తరాలు విప్పకుండా తిప్పి పంపుతాను.

అక్క


కాలేజీ, మెట్ల కింద గది

అక్కకి,

జాలి చూపించే తీరిక నాకు లేదు. వచ్చే నెల మొదటి శనివారం కంపెనీలు వస్తున్నాయి. రంగుల ఫ్యాక్టరీ, హోటలు, మీ లిఫ్టుల బ్రాంచి, ఇంకా డాక్టరమ్మ చెప్పగా విని తమంతట తామే అడిగిన ఇద్దరు. ఇటు పిల్లలు. ఎవరికి ఏది వచ్చో అడిగి రాసుకునే పని అనుకున్నదాని కన్నా పెద్దదిగా ఉంది, కానీ నాకు బాగుంది. ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు, మొదట గోళ్ళు కొరుక్కుంటారు, నేను ఊరుకుంటాను, కాసేపటికి వాళ్ళే చెబుతారు.

కానీ గుమ్మం దగ్గర ఎవరుండాలి? ప్రిన్సిపాల్ గారు తానుంటానంటున్నారు. ఆయన ఉంటే వచ్చినవాళ్ళకి కాలేజీ చరిత్ర మొదటి నుంచి చెబుతారు. నేనుంటే ఏమవుతుందో నీకు తెలుసు. నీ మరదలు అంటోంది, "వదినగారిని పిలవండి. పిలవకపోతే నేనే పిలుస్తాను, అప్పుడు మీ పరువు పోతుంది" అని.

మొహమాటం లేకుండా అడుగుతున్నాను. నువ్వు రాకపోతే ఆ రోజు గుమ్మంలోనే చెడిపోతుంది.

నీ తమ్ముడు


ఇల్లు

తమ్ముడూ,

శుక్రవారం పొద్దున దిగుతాను. ముందే హాలు చూడాలి. వచ్చేవాళ్ళ పేర్లు, ఉద్యోగాలు, ఎవరికి ఏ పన్ను నొప్పో రాసి పంపు. గుమ్మం దగ్గర గట్టి కుర్చీ ఒకటి ఉంచు. మీ బావ ఒక స్టూలు ఇచ్చి పంపుతానన్నారు. కంపెనీలవాళ్ళు క్షేమంగా తిరిగి వెళ్ళాలి కదా అని నచ్చజెప్పాను.

అక్క


మా ఇల్లు, ముందు గది
ఆదివారం పొద్దున

లోపలి గదిలో ఉన్న అక్కకి,

నువ్వు ఆ తలుపు అవతలే ఉన్నావని తెలుసు. బావతో ఫోన్‌లో మాట్లాడుతున్నావు, సగం వినబడుతోంది. అయినా ఇది నోటితో చెప్పడం నా వల్ల కావడం లేదు. నిన్న రాత్రి భోజనాల దగ్గర నోరు తెరిచాను. నువ్వు, "ఇంకాస్త వడ్డించనా?" అన్నావు. అంతటితో అయిపోయింది. అందుకే తలుపు కింద నుంచి తోస్తున్నాను.

నువ్వు గుమ్మం దగ్గరున్నావు కనక హాలు చివర ఏం జరిగిందో నీకు తెలియదు. డాక్టరమ్మ కూడా వచ్చింది, చూశావు కదా. ఆవిడ ముందు వరసలో కూర్చుంది. ఆవిడ ఇటు తిరిగినప్పుడల్లా మేనేజర్లందరూ మాటలు ఆపి పెదవులు బిగించారు. ఆ సందులో పిల్లలు తాము చెప్పుకోవాల్సింది చెప్పుకున్నారు. ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం కూడా ఆ చూపుకే తొందరగా ముగిసింది.

కామర్స్ అమ్మాయిని రంగుల ఫ్యాక్టరీవాళ్ళు అకౌంట్స్‌లోకి తీసుకున్నారు. బయటికి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "ఊ" అంది. నాకు అర్థమైంది.

అసలు సంగతి ఇది. అందరూ వెళ్ళాక ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు. వచ్చినవాళ్ళందరూ వచ్చే ఏడాదీ వస్తామన్నారట. వాళ్ళలో ఎవరూ ఆయన ఉపన్యాసం గురించి అనలేదట, గుమ్మం దగ్గరి ఆవిడ ఎవరని అడిగారట. ఈ విభాగం మూయరు. పైగా ఇంకో మనిషిని వేస్తారు. కంపెనీలతో మాట్లాడటానికి, వాళ్ళని కలుస్తూ ఉండటానికి. "పిల్లల సంగతి మీరు చూసుకోండి, కంపెనీల సంగతి మీ అక్కగారు చూసుకుంటారేమో కనుక్కోండి" అన్నారు.

నేను అడిగించలేదు. ఒట్టు. నేను ఎవరినైనా అడిగించగలనా?

నాకు నువ్వు కావాలి. జాలి కాదు. ఇంకో ఏడాది ఆ పళ్ళ కుర్చీ పక్కన నిలబడలేను.

తమ్ముడు


లోపలి గది
అదే పొద్దున

ముందు గదిలో కాళ్ళు కాలినట్టు తిరుగుతున్న తమ్ముడికి,

నీ చెప్పుల చప్పుడు వినబడుతోంది. కూర్చో.

గుమ్మం దగ్గర ఏం జరిగిందో నీకూ తెలియదు. హోటల్ మేనేజరమ్మ వస్తూనే చెంప పట్టుకుంది. చల్లటి నీళ్ళు వద్దని గోరువెచ్చనివి ఇప్పించాను. ఆ కామర్స్ అమ్మాయి లోపలికి వెళ్ళే ముందు గొంతు పట్టేసిందని ఏడుపు మొహం పెట్టింది. అతిథులకి నీళ్ళు ఇచ్చే పని ఆ పిల్లకే అప్పజెప్పాను. ముగ్గురితో "తీసుకోండి" అనేసరికి గొంతు దానంతట అదే తెరుచుకుంది. అలా నీళ్ళు తీసుకున్నవాళ్ళలో ఒకాయనే తరవాత ఆ పిల్లని ఇంటర్వ్యూ చేశాడు.

లిఫ్టుల బ్రాంచి మేనేజరు నన్ను చూసి మెట్ల మీదే ఆగిపోయాడు. "పాప పదో తరగతికి వచ్చిందా?" అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఒక కబురు చెప్పాడు. హెడ్డాఫీసులో ఆ తెరతో వేగలేక, దానికి సాయంగా ఒక మనిషిని పెట్టాలనుకుంటున్నారట. నన్ను అడగమంటానన్నాడు. తెరకి సాయం. నేను దాని పక్కన నిలబడి, "ముఖం గీత లోపల పెట్టండి బాబూ" అనాలన్నమాట. రాత్రంతా ఆలోచించాను. నవ్వొచ్చింది, తరవాత కోపం వచ్చింది, తరవాత పొద్దున్నే మీ బావకి ఫోన్ చేసి వెళ్ళనని చెప్పాను. "మరి ఏం చేస్తావు?" అన్నారు. అప్పుడే నీ కాగితం తలుపు కింద నుంచి జారుకుంటూ వచ్చింది. ఆయనకి చదివి వినిపించాను. ఆ ఊళ్ళో మంచి కలప దొరుకుతుందా అని అడిగారు. అంటే ఆయన సామాను సర్దడం మొదలుపెట్టేశారని అర్థం.

కానీ నేను ఊరికే చేరను. నువ్వు నా తమ్ముడివని ఇస్తే తీసుకోను. ప్రిన్సిపాల్ గారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, అందరినీ అడిగినట్టే అడగాలి. నచ్చకపోతే కాదనాలి. నువ్వు ఆ గది దరిదాపుల్లో ఉండకూడదు.

ఒక సంగతి చెప్పనా? నాకు భయంగా ఉందిరా. మొదటిసారి ఉద్యోగానికి వెళ్ళినప్పుడు కూడా ఇంత భయం లేదు. ఈ మాట చెబుదామని నీ కాగితం చదివాక మూడుసార్లు తలుపు దాకా వచ్చి చెప్పలేక వెనక్కి వెళ్ళాను. అందుకే ఇలా రాస్తున్నాను.

ఈ కాగితం తోసేసి తలుపు తీస్తాను. నాకు మాట రాదు. ఈసారికి ముందు నువ్వే మాట్లాడు.

అక్క